ఇద్దత్‌ల పోయిన ఫౌండేషన్ పరీక్ష

ఎల్లారెడ్డి,
తేది: 17-7-1989.

గౌరవనీయులైన పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,
దూరవిద్యా విభాగం, హైదరాబాదు.

అయ్యా,

విషయం: బి.ఏ. ఫౌండేషన్ కోర్సు, నాలుగో పేపరు (సైన్సు, టెక్నాలజీ) పరీక్షకు 14-5-1989 నాడు గైరుహాజరు అయినందుకు మన్నించి, ఇంకొక్కసారి రాయుటకు అనుమతి ఇప్పించుట గురించి.

సూచిక: 1) "పాత పద్ధతి విద్యార్థులకు మే నెల పరీక్షయే ఆఖరి అవకాశం" అని కామారెడ్డి అధ్యయన కేంద్రం గోడకు అతికించిన నోటీసు. 2) సదరు కేంద్రం గుమాస్తా నారాయణ సారు నోటిమాట.

ఎల్లారెడ్డి వాస్తవ్యురాలు, కీ.శే. అబ్దుల్ ఘనీ భార్య సాబేరా బేగం, వయస్సు ఇరవై తొమ్మిది, వృత్తి బీడీలు చేయుట, తమ సముఖమునకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మొదలు నా సంగతి. తమ టేబుల్ మీదికి వచ్చే అర్జీలు ఎట్లుంటయో నాకు ఎరుకే, ఎందుకంటె మా గల్లీల అర్జీలన్ని నేనే రాస్త. రేషన్ కార్డు, ముసలోళ్ళ పింఛను, ఇంటి జాగ, బోరింగు, ఏదైనా సరే "సాబేరాతోని రాపిస్తె సారు చదువుతడు" అని పేరు పడ్డది. యాభై ఐదు దాటని మంగవ్వకు అరవై ఎనిమిది రాసిన. నిలబడ్డ గోడలను వానకు కూల్చిన. కారం లేని కూర, అబద్ధం లేని అర్జీ ఎవరికి రుచించవని మేము నవ్వుకుంటుంటిమి. ఈ అర్జీల మాత్రం ఒక్క అబద్ధం రాయనని అల్లా మీద ఒట్టు పెట్టుకొని కూసున్న. అందుకని ఇది జర పొడుగైతది, తమరు ఓపిక పట్టగలరు.

ఇంకొక సంగతి. "కీ.శే." అని వేరేవాళ్ళ మొగండ్లకు ఎన్నిసార్లు రాసిననో లెక్క లేదు. నా పేరు మీద రాసుకున్నది ఇదే మొదలు. మా ఆయన పేరు నేను నోటితోని ఎన్నడు అనలేదు, మా ఇండ్లల్ల అనరు. కాగితం మీద రాయక తప్పలేదు గనుక పైన ఒక్కసారి రాసిన. ఇగ కింద అంతా "మా ఆయన" అనే రాస్త.

2. నేను పదో తరగతి తెలుగు మీడియంల పాసైన. ఇంట్ల ఉర్దూ మాట్లాడినా చదువు తెలుగుదే. పెండ్లి అయినంక చదువు బందయింది. మా ఆయన ఎల్లారెడ్డి బస్టాండు కాడ దర్జీ. 1985ల, ఇంటరు లేకున్నా ఎంట్రెన్సు రాసి బి.ఏ.ల చేరొచ్చని పేపర్ల పడ్డది. ఆ పేపరు ముక్కను ఆయన కొలతల టేపుతోని పాటు మెడల వేసుకొని వచ్చినంత సంబురంగ తెచ్చిండు. ఫారం ఆయననే నింపిండు, సంతకం ఒక్కటే నాది. నాతోని లింగంపేట గంగామణి కూడ చేరింది. ఆమె కూడ బీడీలు చేసేదే, కంపెనీ కార్ఖానాల నాకు దోస్తు. బీడీలు చేసేటోళ్ళకు బి.ఏ. ఎందుకే అని అడగనోళ్ళు లేరు.

3. బి.ఏ.ల మొదటి ఏడాది ఫౌండేషన్ కోర్సు అని నాలుగు పేపర్లు. తెలుగు, ఇంగ్లీషు, సాంఘికశాస్త్రం, సైన్సు. మొదటి మూడు మొదటిసారే పాసైన. సైన్సుల ముప్పై ఒకటి వచ్చింది. రెండోసారి ముప్పై నాలుగు. పాసుకు ముప్పై ఐదు. అప్పటికి మా ఆయన సౌదీల దమ్మాం పోయిండు, బిల్డింగు పనికి. ఒక్క మార్కు తక్కువైందని రాస్తె, "ఇక్కడ అన్నీ దొరుకుతున్నయి, మార్కు ఒక్కటి దొరికితే బట్టల మూటల పెట్టి పంపుదును" అని జవాబు రాసిండు.

నేను ఆయనతోని కొట్లాడిన. చరిత్ర చదివేదానికి కప్ప పేగులు ఎందుకు, బల్బు లోపలి తీగ ఎందుకు అని. ఆయన రాసిండు: "ఎందుకో నాకు తెల్వది. అన్నీ కొంచెం కొంచెం తెలిసిన మనిషికే డిగ్రీ ఇస్తరట, నీ పుస్తకం మొదటి పేజీల్నే ఉన్నది, నేను చదివిన. నువ్వు గా పేజీ ఇడిసిపెట్టి పోయినవ్." నిజమే, ఇడిసిపెట్టిన.

తరువాత నేను రెండో ఏడు, మూడో ఏడు కూడ పాసైన. చరిత్ర, రాజనీతి, తెలుగు సాహిత్యం, అన్నిట్ల. సైన్సు పేపరు ఒక్కటి పాసు కాకుంటె ఆ రెండేండ్ల చదువు చెల్లదని, డిగ్రీ కాగితం రాదని తమ రూలు. కామారెడ్డిల ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్ కొలువు పడ్డది. డిగ్రీ ఉన్నోళ్ళు ఆగస్టు ఆఖరు దాక దరఖాస్తు పెట్టుకోవచ్చునట. ఉండేందుకు రెండు అర్రలు కూడ ఇస్తరట. మా అత్తను తీసుకొని పోదామని నా ఆశ.

కాబట్టి ఈసారి మంచిగ చదివిన. ఆదివారం ఆదివారం బస్సెక్కి కామారెడ్డి క్లాసులకు పోయిన. సైన్సు సారు ఒక చేతుల నిమ్మకాయ, ఒక చేతుల టార్చిలైటు పట్టుకొని చంద్రుడు ఎట్ల పెరుగుతడో ఎట్ల తరుగుతడో చూపిచ్చిండు. చిన్నప్పటి నుంచి రంజాన్ ఈదుకు నెలవంక చూసిన మనిషిని, అది ఎందుకు వంకరున్నదో ఇరవై తొమ్మిదేండ్లకు సమజైంది. ఇంటికి వచ్చి మా అత్తకు కందిలి ముందల ఉల్లిగడ్డ పెట్టి చూపిచ్చిన. "అల్లా పనులన్ని మీ సారుకు ఎరుకైనయా" అని ఆమె నవ్వింది.

4. 20-12-1988 నాడు నా భర్త దమ్మాం నగరమునందు, కడుతున్న బిల్డింగు మూడో అంతస్తు నుంచి జారిపడి మరణించినారు. అక్కడనే మట్టి చేసినారు. ఈ ఖబరు 11-1-1989 నాడు, అనగా ఇరవై రెండు దినాల తరువాత, ఆయన అర్రల ఉండే బీర్కూర్ సలీమ్ రాసిన ఉత్తరం ద్వారా మాకు అందినది. ఉత్తరం చదివింది నేను. విన్నది మా అత్త ఖాజాబీ. ఇంట్ల మేము ఇద్దరమే. ఆమెకు మా ఆయన ఒక్కడే కొడుకు.

ఆ ఇరవై రెండు దినాలల్ల నేను మా ఆయనకు రెండు ఉత్తరాలు రాసిన సార్. ఒకదాంట్ల, మూడు వారాలాయె నీ కబురు లేదు, నీకు పెండ్లాం ఉన్నదని యాదికి ఉన్నదా అని తిట్టిన. ఇంకోదాంట్ల, ఆకులు ఎండతోని అన్నం ఎట్ల వండుకుంటయో ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కుతలేదని రాసిన. మట్టిల ఉన్న మనిషిని తిట్టిన. రెండు ఉత్తరాలు మార్చి నెలల వాపస్ వచ్చినయి. పెట్టెల పెట్టిన, విప్పలేదు. ఇది తమ ఆఫీసుకు సంబంధించినది కాదని తెలుసు. రాయకుండ ఉండలేకపోయిన.

5. ఇద్దత్ అనగా ఏమో తమరికి మనవి చేసుకుంట. భర్త చనిపోయిన ఆడమనిషి నాలుగు నెలల పది దినాలు ఇల్లు దాటి పోరాదు. కొత్త బట్ట కట్టరాదు, కండ్లకు సుర్మా పెట్టరాదు, పెండ్లిళ్ళకు పోరాదు. ఆ నెలలు చంద్రుని నెలలు, గోడ క్యాలెండరువి కావు. రంజాన్ ఈదు కూడ నేను పాత చీరతోని అర్రల్నే చేసుకున్న.

సదరు నాలుగు నెలల పది దినాలను ఖబరు అందిన 11-1-1989 నుంచి లెక్క పెట్టనైనది. ఆ లెక్కన 19-5-1989 దాక ఇల్లు దాటరాదు. పరీక్ష 14-5-1989. అయిదు దినాలు తక్కువ పడ్డయి. ఈ లెక్క వేసినది అర్జీదారు అయిన నేనే తప్ప, ఇంట్లవాళ్ళు ఎవరూ కారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

6. 14-5-1989 ఆదివారం పొద్దుగాల గంగామణి మా ఇంటికి వచ్చింది. లింగంపేట నుంచి కామారెడ్డి ముందలికి, ఎల్లారెడ్డి ఎనకకు. అయినా మొదటి బస్సుకు ఎనకకు వచ్చింది, నన్ను తోలుకపోదామని. గడపల నిలబడ్డది, లోపటికి రాలే.

"నడువే సాబేరా. బురఖ ఏసుకుంటే నువ్వెవరో నేనెవరో ఎవలు పోల్చరు" అన్నది.

"ఇంకా అయిదు దినాలున్నదే" అన్న.

"అయిదు దినాలకు పరీక్ష ఆగుతదా పిచ్చిదానా? మీ పద్ధతి నాకు తెల్వది, నేను తప్పు పట్ట. కని మీ ఆయన ఉంటే ఇయ్యాల నిన్ను రెక్క పట్టి బస్సు ఎక్కిస్తుండె. ఎక్కిస్తుండెనా లేదా చెప్పు."

మా అత్త లోపల తస్బీ దండ తిప్పుకుంట కూసున్నది. నేను హాల్ టికెట్టు తెచ్చి గంగామణి చేతుల పెట్టిన. అది తీసుకొని ఆమె ఏం జేసుకుంటది, నాకు తెల్వది, ఎందుకు పెట్టిననో నాకే తెల్వది. ఆమె దాన్ని చూసి, మల్ల నా చేతుల్నే పెట్టి, కొంగుతోని మొఖం తుడుసుకొని బస్సుకు ఉరికింది. నేను తలుపు కాడ్నే కూలవడి ఏడ్చిన. మా ఆయన పోయిన నాడు కూడ అంత గట్టిగ ఏడ్వలేదు. ఆ నాడు మా అత్తను పట్టుకునేందుకే నా చేతులు సరిపోయినయి.

7. ఈ అంశం తమరు ప్రత్యేకముగా పరిశీలించ ప్రార్థన.

సాయంత్రం నాలుగింటికి గంగామణి మల్ల వచ్చింది, ప్రశ్నపత్రం తెచ్చింది. కిటికీ కాడ నిలబడి ఒక్కొక్క ప్రశ్న చదివింది. మూడో ప్రశ్న చంద్రుని గురించి. అయిదో ప్రశ్న ఆకుల గురించి. అన్నీ నాకు వచ్చినయే. వినుకుంట వినుకుంట నేను నవ్విన్నో ఏడ్చిన్నో.

అప్పుడు మా అత్త లేసి వచ్చింది. ఆమెకు చదువు రాదు. "గా కాగితం ఇటియ్యి గంగామణీ. నా కోడలు ఇంట్ల కూసొని రాస్తది. ఇల్లు దాటొద్దని ఉన్నది గని, ఇంట్ల రాయొద్దని ఏడున్నది?" అన్నది.

"అట్ల చెల్లదమ్మా, కావలికి సారు ఉండాలె" అన్న.

"నేనుంట కావలి" అన్నది. అని ఊకోలే. నా సైన్సు పుస్తకాలన్ని తెచ్చి గోడ పక్కకు పేర్చి, వాటి మీద తాను కూసున్నది, నేను చూసి రాయకుండ. గంగామణిని కిటికీ కాడి నుంచి తోలింది, జవాబులు చెప్తదని. గోడ గడియారం దిక్కు చేయి చూపెట్టి "కానియ్" అన్నది. మూడు గంటలు ఆ ముసలామె ఆ పుస్తకాల కుప్ప మీది నుంచి కదలలే. పొద్దుగూకి మగ్‌రిబ్ నమాజు టైం అయితే, అక్కడ్నే కూసొని, కండ్లు నా మీద్నే పెట్టి నమాజు చదివింది. నమాజుల కండ్లు అటిటు తిప్పరాదని ఆమెకు ఎరుక లేక కాదు.

పదిహేడు పేజీలు రాసిన. ఆఖరికి ప్రతి పేజీ మీద ఆమెతోని వేలిముద్ర ఏయించిన. అర్జీల కోసం స్టాంపు ప్యాడు ఇంట్ల ఉంటనే ఉంటది. అవన్ని దీనితో జతపరిచిన. ఇవి పరీక్ష కింద చెల్లుబాటు కావని తెలిసిన దాన్నే. అయినా పంపుతున్న.

8. ఇద్దత్ దినాలు అయిపోయినంక 22-5-1989 నాడు కామారెడ్డి కేంద్రానికి పోయిన. నారాయణ సారు మంచి మనిషి. నన్ను కుర్చీల కూసోమని నీళ్ళు తెప్పిచ్చి, రూలు పుస్తకం తీసి చూపిచ్చిండు. "గైరుహాజరునకు మన్నించదగు కారణములు" అని ఒక పేజీ ఉన్నది. సర్కారు డాక్టరు రాసిచ్చిన జబ్బు. కాన్పు. కర్ఫ్యూ. వరద వలన రాకపోకలు నిలిచిపోవుట. నిజాంసాగర్ గేట్లు ఎత్తి బస్సు ఆగితే మాఫీ ఉన్నది సార్. మొగుడు పోతే లేదు.

"టైఫాయిడ్ అని రాయించుకొని రా అమ్మా. నేను ఈ చేతితోనే పంపిస్త. పై ఆఫీసుల ఎవరు అడగరు" అన్నడు సారు. ఆయన నా మేలు కోరే అన్నడు. అట్లాంటి కాగితాలు ఎట్ల పుడుతయో నాకు తెల్వంది కాదు, మా గల్లీల సగం జ్వరాలు నేను పుట్టించినయే.

రెండు మూడుసార్లు డాక్టరు గేటు దాక పోయిన. లోపటికి పోలేకపోయిన. ఆ నాలుగు నెలలు నాకు జ్వరం లేదు సార్. మా ఆయన సచ్చిపోయిండు. నేను ఆయన కోసం కూసున్న. చివరిసారి ఆయన ముఖం చూసుకోలే, నీళ్ళు పోయలే, మట్టి ఏడున్నదో కూడ తెల్వది. ఆయన కోసం నేను చేసింది ఏదన్న ఉన్నదంటే ఆ కూసున్న దినాలే. వాటి మీద టైఫాయిడ్ అని రాసి గుండ్రని ముద్ర గుద్దిస్తె, రేపు నేను కూడ అదే నమ్ముత. అది నాతోని కాదు.

9. కాబట్టి అసలు సంగతే రాపిద్దామని కామారెడ్డిల ఒక మసీదు హాఫీజ్ సాబ్ కాడికి పోయిన. సాబేరా బేగం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాక ఇద్దత్‌ల ఉన్నదని ఒక కాగితం ఇప్పియ్యమని అడిగిన. ఆయన "ఇంతికాల్ ఏ తారీఖు బేటీ, ఏ నాడు పోయిండు?" అన్నడు. సలీమ్ ఉత్తరం చూపిచ్చిన. ఆయన వేళ్ళ మీద లెక్క పెట్టిండు. మల్ల ఒకసారి పెట్టిండు.

"బేటీ, ఇద్దత్ ఖబరు అందిన నాటి నుంచి కాదు, మనిషి పోయిన నాటి నుంచి. నీది రంజాన్ ఇరవైకే ఖతమయింది" అన్నడు. అనగా 27-4-1989. అనగా పరీక్షకు పదిహేడు దినాల ముందు.

ఆయననే మల్ల మెల్లగ అన్నడు: "అది కాకున్నా, పగటిపూట గట్టి పని ఉంటే పోయి రావొచ్చు తల్లీ. ఎవరినన్న పంపి అడిగిస్తె నేనే పొమ్మందును."

ఎవరిని పంపాలె సార్, ఇంట్ల మొగదిక్కు ఉంటె గద. హాఫీజ్ సాబ్ నిజమే రాసి ఇచ్చిండు. ఆ కాగితం నా కేసుకు ఎదురు పోతదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చదువుకున్నదాన్ని గద, దాన్ని పెట్టెల దాసిపెట్టి ఉత్తి ఇద్దత్ అని రాస్తె తమరికి తెల్వకపోతుండె. అయినా జతపరుస్తున్న. పరీక్ష నాడు నా కాళ్ళకు ఏ సంకెళ్ళు లేవని, నేనే ఉన్నయనుకొని కూసున్ననని, ఆ కాగితం చెప్తది.

10. పై అంశములను దయతో పరిశీలించి, ఈ కింది వానిలో ఏదేని ఒకటి మంజూరు చేయగలందులకు ప్రార్థన:

(అ) సదరు సైన్సు పేపరును ఆగస్టు లోపల ఇంకొక్కసారి రాయనిచ్చుట. హైదరాబాదు రమ్మన్నా వస్త. నేల మీద కూసోబెట్టినా రాస్త.

(ఆ) అది కుదరనిచో, జతపరిచిన పదిహేడు పేజీలను దిద్దించుట. కావలి మనిషికి చదువు రాదన్నదొక్కటే లోపం. అంత గట్టి కావలి తమ ఏ హాల్‌ల ఉండదని నేను హామీ.

(ఇ) అది కూడ కుదరనిచో, రూలు పుస్తకంల ఆ పేజీ మీద, వరద కింద, ఇంకొక లైను చేర్చుట. నాకు అక్కర రాకపోవచ్చు. రేపు ఇంకెవరికన్న వస్తది.

నాకు ముప్పై నాలుగు మార్కులు ఉన్నయి. ఒక్క మార్కు కోసం ఇంత రాసిన దాన్ని నేనొక్కదాన్నే ఉంట తమ రికార్డుల. అన్నీ కొంచెం కొంచెం తెలిసిన మనిషికే డిగ్రీ అన్నరు. ఇప్పుడు నాకు అన్నీ కొంచెం కొంచెం తెలిసినయి సార్. డిగ్రీ ఇప్పియ్యుండ్రి.

తమరు దయతో చిత్తగించవలెను. చిత్తగించుటకు వీలు లేకున్నను, ఆఖరు దాక చదువవలెను.

తమ విధేయురాలు,
సాబేరా బేగం
ఫౌండేషన్ కోర్సు, 1985 బ్యాచి

జతపరిచినవి:
1) హాల్ టికెట్టు, వాడనిది.
2) బీర్కూర్ సలీమ్ ఉత్తరం నకలు, కింద తెలుగు అర్థం నేను రాసినది.
3) హాఫీజ్ సాబ్ కాగితం (అర్జీదారుకు వ్యతిరేకం).
4) జవాబు పత్రం, పదిహేడు పేజీలు, కావలి మనిషి ఖాజాబీ వేలిముద్రలతో.

తా.క.: కవరు అతికించినంక మల్ల విప్పిన సార్. పైన అయిదో అంశంల, లెక్క వేసింది నేనే అని రాసిన. అది అబద్ధం. ఒట్టు పెట్టుకొని కూడ రాసిన, అల్లా మాఫ్ చేయాలె.

ఉత్తరం వచ్చిన నాడే నేను అడిగిన. "అమ్మా, సలీమ్ డిసెంబరు ఇరవై అని రాసిండు గద, లెక్క ఆ తారీఖు నుంచి గద" అన్న. మా అత్త నా దిక్కు చూసింది. "నిన్న పొద్దుగాల కూడ వాని కోసం దువా చేసిన. దగ్గు తగ్గాలె, తిండి అరగాలె అని అడిగిన. నేను అడిగింది సచ్చినోని కోసమా? నా కొడుకు నిన్నటి దాక ఉండె. ఇయ్యాల పోయిండు. ఇయ్యాల్టి నుంచే లెక్క పెట్టు బేటీ" అన్నది.

ఇగ నేను ఆ మాట ఎత్తలే. గంగామణి గడపల నిలబడి పిలిచిన నాడు కూడ ఎత్తలే.

ఆమె ఇప్పుడు నేను పరీక్ష రాసినట్టే అనుకుంటున్నది. కావలి నేనే ఉన్న అని గల్లీల అందరికి చెప్పుకుంటది. కాబట్టి తమ జవాబు కార్డు మీద రాయకుండ్రి. మా పోస్టుమాన్ లింబాద్రి కార్డులు గల్లీ మలుపు నుంచే గట్టిగ చదువుకుంట వస్తడు. కవరుల పెట్టి పంపుండ్రి. లేదని రాసేది ఉంటే లేదనే రాయుండ్రి, నేను తట్టుకుంట. తారీఖుల సంగతి మాత్రం అందుల ఎత్తకుండ్రి. నేను కార్ఖానాకు పోయినప్పుడు వస్తె, ఎవరితోనన్న చదివించుకుంటది. లెక్క తప్పిందని ఆమెకు తెల్వొద్దు.

ఆమె చేసిన తప్పు ఏమున్నది సార్. కొడుకును ఇరవై రెండు దినాలు ఎక్కువ బతికించుకున్నది.